మానభంగమా, బలాత్కారమా?

సందేహం: నేను ఒక పక్షపత్రికలో ఉపసంపాదకురాలిని. మా విలేఖరి పంపిన వార్తలో “గ్రామానికి చెందిన యువతి మానభంగానికి గురైంది” అని ఉంది. ‘మానభంగం’ కొట్టేసి ‘అత్యాచారం’ అని రాశాను. వయసులో పెద్దవారైన మా ప్రూఫ్ రీడర్ గారు మళ్లీ ‘మానభంగం’ అనే దిద్దారు. అత్యాచారమంటే ఏ దౌర్జన్యమైనా కావచ్చు, మానభంగమంటే విషయం సూటిగా తెలుస్తుంది, పైగా మర్యాదగా ఉంటుంది అన్నారు. పోనీ ‘బలాత్కారం’ అందామంటే అది హిందీ వాడుక అన్నారు. ఇవన్నీ పర్యాయపదాలేనా? ఏది రాయాలి?

సమాధానం: అమ్మా, ఇవి పర్యాయపదాలు కావు. నిఘంటువు పక్కపక్కన పేర్చినంత మాత్రాన మాటలు ఒకటైపోవు. మూడూ ఒకే నేరాన్ని చూపిస్తాయి, నిజమే. ఆ నేరంలో దెబ్బతిన్నది ఏమిటి, అది ఎవరిది అన్న దగ్గర మాత్రం మూడూ మూడు దారులు పడతాయి. ఆ తేడా మీ చెవికి తగిలింది కాబట్టే కొట్టేశారు. మీరు చేసిన పని సరైనదే.

అయితే ‘అత్యాచారం’ మీద మీ ప్రూఫ్ రీడర్ గారి అభ్యంతరం కొట్టిపారేయదగ్గది కాదు. అతి, ఆచారం అన్న రెండు మాటలు కలిసి ఏర్పడిన పదం అది. నడవడిలో హద్దు మీరడమని అర్థం. హిందీలోనూ బెంగాలీలోనూ ఈనాటికీ దానికి పీడన, దౌర్జన్యం అనే అర్థం. తెలుగులో, కన్నడంలో అది ఒక్క నేరానికి కుదించుకుంది. కానీ తెలుగులోనే ఒక చోట పాత విశాలార్థం నిలిచి ఉంది. కారంచేడు మారణకాండ జరిగిన నాలుగేళ్లకు, 1989లో వచ్చిన షెడ్యూల్డ్ కులాలు, తెగల రక్షణ చట్టాన్ని మనం ‘అత్యాచారాల నిరోధక చట్టం’ అనే పిలుస్తున్నాం. కులం పేరుతో బహిరంగంగా అవమానించడం, భూమి లాక్కోవడం కూడా ఆ చట్టం దృష్టిలో అత్యాచారాలే. అందువల్ల “దళిత మహిళపై అత్యాచారం” అన్న శీర్షిక చూసిన పాఠకుడికి ఏం జరిగిందో నిజంగానే తెలియదు. కొట్టారా, భూమి నుంచి వెళ్లగొట్టారా, శరీరం మీద దాడి చేశారా? అటువంటి వార్తల్లో ఈ మాటను విప్పి రాయడం మీ బాధ్యత. మిగతా చోట్ల అది స్థిరపడిన మాట, తప్పు లేదు.

ఇక ‘మానభంగం’. ఇది మొదటి నుంచీ స్త్రీకే అంటుకున్న మాట కాదు. పోతన భాగవతంలో శుక్రాచార్యుడు బలికి చెప్పే నీతి మనందరికీ కంఠస్థమే. ఏయే సందర్భాల్లో బొంకినా పాపం లేదో చెబుతూ “ప్రాణవిత్తమానభంగమందు” అంటాడు. అక్కడ మానం ఒక రాజుది. అంటే గౌరవం, ఆత్మాభిమానం. ప్రాణంతో, ధనంతో సమానంగా తూగే ఆస్తి. రారాజును మానధనుడన్నా ఆ అర్థంలోనే. అభిమానం, అవమానం, సన్మానం, మాన్యుడు, అన్నీ ఆ చెట్టు కొమ్మలే.

ఈ మాట పురుషుడి దగ్గర గౌరవంగానే ఉండిపోయింది. స్త్రీ దగ్గరికి వచ్చేసరికి దేహంలోకి దిగింది. “మానం కప్పుకోవడానికి గుడ్డ లేదు” అని ఒక ఆడమనిషి గురించి అన్నప్పుడు మానమంటే ఏమిటో ఎవరూ వివరించనక్కర లేదు. మగవాడి మానం సభలో ఉంది, ఆడదాని మానం చీర కింద ఉంది. ఒకే మాటకు ఈ రెండు చిరునామాలు ఎలా వచ్చాయన్నది స్త్రీవాదులు అడుగుతూ వచ్చిన ప్రశ్న. కుటుంబం పరువును, కులం పరువును స్త్రీ శరీరంలో దాచిపెట్టిన సమాజంలో, ఆ శరీరం మీద జరిగిన దాడిని పరువుకు కలిగిన నష్టంగా లెక్కవేస్తారు. దెబ్బ తగిలింది ఆమెకు, నష్టపోయింది ఇల్లు! ‘మానభంగం’ అన్న మాట చేసే పని ఇదే. మీ ప్రూఫ్ రీడర్ గారు మర్యాద అన్నది దీన్నే. ఆ మర్యాద ఆమెకు దక్కేది కాదమ్మా, వినేవారికి దక్కేది.

దీని పర్యవసానం వ్యాకరణ పుస్తకాల్లో కాదు, న్యాయస్థానాల్లో కనిపించింది. భంగం కావాలంటే ముందు మానం ఉండాలి కదా. అందుకని ఆమెకు మానమే లేదని రుజువు చేస్తే నేరమే ఉండదు. 1978లో హైదరాబాదులో ఒక పేద ముస్లిం స్త్రీని పోలీసులు స్టేషనులో బలాత్కరించారు, అడ్డుపడిన ఆమె భర్త వారి దెబ్బలకు చనిపోయాడన్న ఆరోపణతో నగరం అట్టుడికిపోయింది. విచారణ కమిషన్ ముందు పోలీసుల తరఫు వాదన అంతా ఆమెను వేశ్యగా నిరూపించడం చుట్టూ తిరిగింది. కమిషన్ పోలీసులనే తప్పుపట్టింది. తర్వాత కర్ణాటకకు బదిలీ అయిన కేసులో మాత్రం నిందితులు నిర్దోషులుగా బయటికి వచ్చారు. మన రాష్ట్రంలో స్త్రీల స్వతంత్ర సంఘాలు రూపుదిద్దుకున్నది ఆ ఉద్యమాల వేడిలోనే. ఫిర్యాదు చేసిన స్త్రీ ‘నడవడి మంచిది కాదు’ అని సాక్ష్యం చూపించే వీలును సాక్ష్య చట్టం నుంచి తొలగించింది 2002 సవరణ. అంతవరకు చట్టంలోనూ బోనులో నిలబడింది ఆమె మానమే.

మీరొక చిన్న పరీక్ష చేసి చూడండి. “భర్త భార్యకు మానభంగం చేశాడు” అని పైకి చదవండి. వాక్యం నోటికి అడ్డం తిరుగుతుంది. వ్యాకరణంలో లోపం లేదు, విభక్తులన్నీ సరిగానే ఉన్నాయి. అయినా తెలుగు చెవి ఒప్పుకోదు. ఎందుకంటే మానం అన్న మాటలోనే ఆమె మానానికి అతడు యజమాని. తన సొత్తును తానే దోచుకునేవాడు ఎక్కడ ఉంటాడు? ఇప్పుడు “భర్త భార్యను బలాత్కరించాడు” అనండి. బాధగా ఉంటుంది, కానీ వాక్యం నిలబడుతుంది, ఏం జరిగిందో చెబుతుంది. నాకు ఈ రెండు మాటల మధ్య తేడా మొదటిసారి స్పష్టంగా తెలిసింది ఈ వాక్యంతోనే. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత కూడా, భార్యకు 18 ఏళ్లు నిండి ఉంటే భర్త చేసినదాన్ని ఈ నేరంగా పరిగణించదు. మినహాయింపు చట్టంలో ఉంది, దాని నీడ మాటలో ఉంది.

మన పాత ధర్మశాస్త్రమూ ఇలాగే నడిచింది. నిద్రలోనో మత్తులోనో మతి తప్పి ఉన్నప్పుడో ఒక కన్యను రహస్యంగా కలిస్తే అది పైశాచం అంది మనుస్మృతి. సమ్మతి లేకపోవడమంటే ఏమిటో అంత ఖచ్చితంగా గుర్తించింది, అధమాధమం అని తిట్టింది. తిట్టి, ఎనిమిది రకాల వివాహాల్లో ఎనిమిదోదిగా చేర్చింది. ఇల్లు అనే గడప దాటించగానే నేరం సంబంధమైపోయింది. ఆ గడపను ప్రశ్నించిన తీర్పు ఒకటి మన గడ్డ మీదనే వచ్చింది. విడిగా ఉంటున్న భార్యను కాపురానికి రమ్మని కోర్టు ఆదేశించడాన్ని 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ పి.ఏ. చౌదరి రాజ్యాంగ విరుద్ధమన్నారు. అలాంటి ఆదేశం, దేహం మీద ఆమెకున్న నిర్ణయాధికారాన్ని ప్రభుత్వం చేతిలో పెడుతుందన్నారు. మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చింది. అయినా ‘కాపురానికి పంపడం’ అన్న మామూలు తెలుగు మాట లోపల ఏముందో విప్పి చూపిన తీర్పుగా నేను దాన్ని గౌరవిస్తాను.

‘బలాత్కారం’ హిందీ మాట కాదు, సంస్కృతం. బలాత్ అంటే బలంతో, కారం అంటే చేయడం. ఇతరుల మీద బలం ప్రయోగించి చేసే ఏ పనినైనా బలాత్కారం అనవచ్చు, “బలాత్కారంగా సంతకం పెట్టించారు” అని మనం అంటూనే ఉన్నాం. హిందీ దాన్ని ఈ నేరానికి ప్రత్యేకించుకుంది. మలయాళంలో ఇదే కుదురుకు చెందిన బలాత్సంగం ఉంది. పొరుగువారి ఇంట్లో కూడా వాడుతున్నారని మన మాటను మనం వదులుకోనక్కర లేదు. ఈ మాటలోని గొప్పతనమల్లా ఒకటే: అది చేసినవాడి పనిని చెబుతుంది. ఆమె పరువు ఊసు ఎత్తదు. ఇంగ్లీషు ‘రేప్’ కైనా ఆ శుభ్రత లేదు. దాని లాటిన్ మూలానికి లాక్కుపోవడం, ఎత్తుకుపోవడం అని అర్థం. ఎవరి సొత్తునో ఎవరో ఎత్తుకుపోయినట్టు.

తమిళుల అనుభవం మనకు పనికి వస్తుంది. వారి పత్రికలు చాలాకాలం ‘కర్పళిప్పు’ అని రాశాయి. కర్పు అంటే పాతివ్రత్యం, అళిప్పు అంటే నాశనం. మన మానభంగానికి అచ్చంగా తోబుట్టువు. స్త్రీవాదులు దాన్ని పట్టుబట్టి ప్రశ్నించగా ‘వన్పుణర్వు’, ‘వల్లుఱవు’ అన్న మాటలు వాడుకలోకి వచ్చాయి. రెండింట్లోనూ ముందు నిలబడేది బలం, హింస. మాటను మార్చితే భాష చెడిపోతుందన్న భయం వారికి రాలేదు.

చెడిపోవడం అన్నాను కాబట్టి ‘చెరచు’ గురించి ఒక్క మాట. చెడు అన్న క్రియకు ఇది ప్రేరణ రూపం. చెడేలా చేయడం. పాలు చెడతాయి, పంట చెడుతుంది. “ఆమెను చెరిచాడు” అన్న వాక్యంలో దుర్మార్గం చేసింది అతడు, చెడిపోయిన వస్తువు ఆమె. అచ్చతెలుగు కదా అని కొందరు రచయితలు ముచ్చటపడి వాడుతున్నారు. అచ్చతెలుగు మీద నాకూ ప్రేమ ఉంది, కానీ ఇక్కడ వద్దు.

నిజానికి నామవాచకం కన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టేది మీ వాక్యం చివర ఉన్న క్రియ. “గురైంది” అన్నారు మీ విలేఖరి. మీరూ దాన్ని అలాగే వదిలేశారు. జ్వరానికి గురవుతాం, వడగాలికి గురవుతాం. గురి అయినది కనిపిస్తుంది, బాణం వేసినవాడు కనిపించడు. “అత్యాచారం జరిగింది” అన్నా అంతే. ప్రమాదాలు, పెళ్లిళ్లు, సభలు జరుగుతాయి. ఈ నేరం దానంతట అది జరగదు, ఎవరో చేస్తారు. తెలుగు వాక్యం స్వభావం కర్తను ముందు పెట్టుకుని నడవడం. కర్మణి వాక్యాలు మనకు అంత సహజం కావు. అలాంటి భాషలో ఈ ఒక్క వార్త దగ్గరే కర్త ఎందుకు మాయమవుతున్నాడు?

వీటన్నిటికన్నా అన్యాయమైనది “శీలం పోగొట్టుకుంది” అన్న ప్రయోగం. ‘కొను’ అన్న అనుబంధ క్రియ పని ఫలితాన్ని చేసినవారి మీదికే తిప్పుతుంది. వండుకున్నాడు, రాసుకున్నాడు, కొట్టుకున్నాడు. “పర్సు పోగొట్టుకున్నాను” అన్నవాడిని “జాగ్రత్తగా ఉండొద్దా?” అని అడుగుతాం. “పర్సు కొట్టేశారు” అన్నవాడిని అలా అడగం. ఇంత చిన్న ప్రత్యయం ఒక మనిషి మీద మోపుతున్న నేరం చూడండి.

నేరం రుజువు కాకముందు “ఫలానావాడు చేశాడు” అని రాయకూడదు కదా, అందుకే గురైందని రాస్తాం అని మీరు అనవచ్చు. న్యాయమైన ఇబ్బందే. దానికి తెలుగులో చక్కటి దారి ఉంది: అనుకృతి వాక్యం, అంటే ఒకరు అన్నదాన్ని ‘అని’ చేర్చి చెప్పే వాక్యం. “చేశాడని ఫిర్యాదు చేసింది”, “చేశారన్నది ఆరోపణ”. ఇందులో ఇద్దరు కర్తలుంటారు. చేశాడని చెబుతున్న చోట అతడు, ఫిర్యాదు చేసిన చోట ఆమె. ఆమె కేవలం దెబ్బతిన్న మనిషిగా మిగిలిపోకుండా, పోలీసు స్టేషను మెట్లు ఎక్కిన మనిషిగా వాక్యంలో నిలబడుతుంది. ఆమె పేరు మాత్రం చట్టరీత్యా రాయకూడదు, అది మీకు తెలిసిందే.

అతడిని వర్ణించే మాటల దగ్గరా కలం ఆపాలి. ‘కామాంధుడు’ అంటే కామంతో కళ్లు కనిపించనివాడు. గుడ్డివాడి మీద మనకు సగం జాలి కలుగుతుంది. ఈ నేరానికి మూలం ఆపుకోలేని కామం కాదు, లోబరచుకునే అధికారం అని 1975లో అమెరికన్ రచయిత్రి సుసాన్ బ్రౌన్‌మిల్లర్ వాదించిన నాటి నుంచి స్త్రీవాదులు చెబుతున్నారు. కాముకుడనడం ఆ అధికారాన్ని దాచడమే. ‘మగాడు’ను విరిచి ‘మృగాడు’ అనడం శీర్షికలకు అలవాటైపోయింది. కోపం నాకు అర్థమవుతుంది. కానీ మృగం అడవి నుంచి వస్తుంది. మన దేశపు నేర గణాంకాల్లో ఏటా 90 శాతానికి పైగా కేసుల్లో నిందితుడు ఆమెకు తెలిసినవాడే. బంధువు, ఇరుగుపొరుగు, స్నేహితుడు, యజమాని. మృగాడన్న మాట అతడిని మన ఇళ్ల నుంచి అడవికి పంపేస్తుంది.

కాబట్టి పెద్దవారి మీద జరిగిన నేరానికి బలాత్కారం రాయండి, అత్యాచారం అన్నా పేచీ లేదు. పిల్లల విషయంలో ‘లైంగిక దాడి’ మేలు. 2012 నాటి బాలల రక్షణ చట్టం ఆడపిల్లలకూ మగపిల్లలకూ ఒకేలా వర్తిస్తుంది, మగపిల్లవాడికి మానభంగం అన్న మాట ఎలాగూ అతకదు. పాత కథలను పునర్ముద్రించేటప్పుడు మాత్రం మానభంగాన్ని మార్చకండి. ఆ రచయిత కాలం ఎలా ఆలోచించిందో చెప్పడానికి ఆ మాట అక్కడే ఉండాలి. ఇక మీ వార్త విషయానికి వస్తే, ఇలా రాసి మీ ప్రూఫ్ రీడర్ గారికి చూపించండి: “తనను ఇద్దరు వ్యక్తులు బలాత్కరించారని ఆ గ్రామ యువతి పోలీసులకు ఫిర్యాదు చేసింది.”