ప్రొపెల్లర్ అరీనా గేమ్‌ను బాగాలేకే ఆపేశారా?

మీరు అడిగినవి రెండు. సెగా కంపెనీ వీడియోగేమ్ కన్సోల్ డ్రీమ్‌కాస్ట్ కోసం చేసిన ప్రొపెల్లర్ అరీనాను బాగాలేకే ఆపేశారా అన్నది ఒకటి, అలా ఆపడం సబబేనా అన్నది రెండోది. గేమ్ బాగుంది, దాదాపు పూర్తయింది కూడా. ఇక సబబా అంటే, ఆ రోజుల్లో నేను న్యూయార్క్‌కు నది అవతల జెర్సీ సిటీలో ఉన్నాను. నా జవాబు అక్కణ్నుంచి వచ్చేదే.

2001లో నేను బెంచ్ మీద ఉన్నాను. ఇంటర్నెట్ కంపెనీలు కుప్పకూలిన డాట్‌కామ్ దెబ్బకి ప్రాజెక్టుల్లేవు. జర్నల్ స్క్వేర్ దగ్గర రెండు గదుల్లో ఐదుగురం తెలుగువాళ్లం. డ్రీమ్‌కాస్ట్ తయారీ నిలిపేస్తున్నామని ఆ జనవరి 31న సెగా ప్రకటించింది. ఆ వెంటనే ధర 99 డాలర్లకు దిగింది. తలా ఇరవై వేసుకుని కొన్నాం. పగలంతా రెజ్యూమెలు పంపడం, రాత్రి గేములు. సెప్టెంబరులో ప్రొపెల్లర్ అరీనా వస్తోందంటే రోజులు లెక్కపెట్టాం. వర్చువా ఫైటర్, షెన్‌మూ గేములు చేసిన సెగా బృందం ఏఎం2 వాళ్లదే మరి ఇదీనూ!

కథ చిన్నది. రాబోయే కాలంలో జనం ఎగబడి చూసే క్రీడ ఇది: రెండో ప్రపంచ యుద్ధం నాటి ఫైటర్ విమానాల్లాంటివి ఎక్కి ఒకరినొకరు కూల్చుకోవడం. ఎక్కువ కూల్చినవాడు గెలుస్తాడు. వెనకాల పంక్ రాక్ పాటలు మోగుతుంటాయి. నెత్తురు కనపడదు, విమానం పేలిపోతే మళ్లీ ఇంకోటి ఇస్తారు. కాబట్టి ఇది క్రూరమైన గేమ్ అని ఎవరైనా అంటే నేనొప్పుకోను.

సెప్టెంబరు 11, మంగళవారం. హైజాక్ చేసిన విమానాలతో న్యూయార్క్‌లోని వరల్డ్ ట్రేడ్ సెంటర్ జంట టవర్లను కూల్చిన రోజు. మా రూమ్మేట్ ఒకడు రోజూ నది దాటించే పాత్ (PATH) రైల్లో వరల్డ్ ట్రేడ్ సెంటర్ స్టేషన్‌లో దిగి అక్కణ్నుంచి ఆఫీసుకు నడిచేవాడు. ఆ రోజు సాయంత్రం దాకా వాడి కబురు లేదు. ఫోన్లు కలవలేదు. సికింద్రాబాద్‌లో మా అమ్మకి కాలింగ్ కార్డుతో ఎన్నిసార్లు చేశానో లెక్కలేదు. చీకటి పడ్డాక ఫెర్రీలో నది దాటి వచ్చాడు, చొక్కా నిండా బూడిద. ఎవరం ఏమీ అడగలేదు. ఎవరో అన్నం వడ్డించారు.

ఆకాశహర్మ్యాల మధ్య నుంచి విమానాన్ని నడిపించే స్టేజి ఒకటి ఈ గేమ్‌లో ఉంది. సెగా మొదట విడుదల వాయిదా వేసి, తర్వాత మొత్తానికే రద్దు చేసింది. ఆ నెలలో అది దుకాణానికి వచ్చినా మా ఇంట్లో దాని పెట్టె విప్పేవాళ్లు లేరు. అందుకే ఆపడం సబబే అంటాను.

కానీ ఎప్పటికీ ఆపేయడం మాత్రం అన్యాయం. అప్పటి మిగతా గేముల సంగతి చూడండి. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 2002లో ఆ రెండు టవర్లూ తీసేసి వదిలారు. మెటల్ గేర్ సాలిడ్ 2 చివర్లో న్యూయార్క్ దృశ్యాన్ని కత్తిరించారు. జీటీఏ 3ని కొన్ని వారాలు ఆపి, చిన్న మార్పులు చేసి అక్టోబరులో తెచ్చారు. వాటిని ఆడే యంత్రాలు బతికే ఉన్నాయి కాబట్టి ఆగి, సరిదిద్దుకునే వీలు దొరికింది. డ్రీమ్‌కాస్ట్ తయారీ అప్పటికే ఆగిపోయింది, ఆ నవంబరుకల్లా ధర 50 డాలర్లకు పడింది. ఒక్క స్టేజి తీసేసి ఆర్నెల్లాగి తెద్దామన్నా కొనడానికి ఎవరు మిగిలారు? నా దృష్టిలో ఈ గేమ్‌ను చంపింది ఆ దాడి, డ్రీమ్‌కాస్ట్ ఆగిపోవడం, ఈ రెండు దెబ్బలూ కలిసి.

కొన్నేళ్లకు డిస్కు బయటకు పొక్కింది. డ్రీమ్‌కాస్ట్ మామూలు సీడీల్ని కూడా చదివేది కాబట్టి సీడీలోకి ఎక్కించుకుని ఆడాను. సంక్రాంతికి మేడమీద డీల్ (వదులు దారం) వదిలి, ఒక్కసారిగా లాగి ఎదుటివాడి పతంగి కోసినట్టే ఉంటుంది. వెంటపడ్డవాణ్ని ముందుకు పోనిచ్చి వాడి తోక పట్టుకోవాలి. అది చేతికి వచ్చాక వదలబుద్ధి కాదు. నేనాడిన విమానాల గేముల్లో ఇంత హాయిగా ఎగిరింది లేదు.

దాన్ని ఆడిన రాత్రి మా పాత రూమ్మేట్ కూడా వచ్చాడు. బాగా ఆడాడు, గట్టిగా అరిచాడు, నన్ను వరసగా ఓడించాడు. ఆ నగరం స్టేజి వచ్చేసరికి కంట్రోలర్ కింద పెట్టి, "ఇది వద్దురా, ఇంకోటి పెట్టు" అన్నాడు. పెట్టాను.