నాలుగు నెలలుగా అతుకుతున్న గొలుసు

నర్సంపేట వైపు మిర్చి వ్యాపారి ఒకరు రాశారు. మార్చిలో 200 బస్తాల తేజ మిర్చి క్వింటాలు 19,000 చొప్పున కొని కోల్డ్ స్టోరేజీలో పెట్టారు. అందులో 10 లక్షలు నూటికి నెలకు రెండు రూపాయల మిత్తికి తెచ్చినవే. ధర 14,000కు పడింది. పోయింది రాబట్టాలని భార్య గొలుసు కుదువపెట్టి 2 లక్షలతో షేర్ మార్కెట్లో ఆప్షన్స్ ఆడారు, అవీ పోయాయి. దసరాకు అత్తగారింట్లో పేకాటలో సడ్డకుడి (తోడల్లుడి) చేతిలో ఓడి, పత్తాలు చాప మీద విసిరికొట్టి అన్నం తినకుండా లేచొచ్చారు. "ఓటమిని తట్టుకునే గుండెధైర్యం ఎట్లా వస్తది?" అని అడుగుతున్నారు.

గుండెధైర్యం మీకు తక్కువేం లేదు, ఉన్నదే ఎక్కువైంది. ఆ ప్రశ్న పక్కన పెట్టండి. మీ ఉత్తరంలో సడ్డకుడి మాట ఏడుసార్లు వచ్చింది: ఆయన ప్లాటు, ఆయన కారు, మామగారు ఆయనకు వేసే పెద్దపీట. మీ భార్య ఒక్కచోటే కనిపించింది, అదీ గొలుసు దగ్గర. "తెగింది, అతికియ్యనిచ్చిన" అన్నారట, ఆమె మళ్లీ అడగలేదట. నాలుగు నెలలు అతికే గొలుసు ఏ అవుసులాయన దగ్గరా ఉండదు. ఆమెకు తెలుసు. మీ నోటితో ఎప్పుడు చెప్తారా అని చూస్తున్నది.

ఈ రాత్రి పిల్లలు పడుకున్నాక ఆమెను పక్కన కూర్చోబెట్టుకొని లెక్క రాయండి. బస్తా 40 కిలోలనుకుంటే 80 క్వింటాళ్లు. మిత్తి నెలకు 20,000, తొమ్మిది నెలలకు 1,80,000. క్వింటాలుకు 2,250 ఎక్కి కూర్చుంది. ఇవాళ మీకు 21,250 వచ్చినా స్టోరేజీ కిరాయి, తరుగు, హమాలీ చేతినుంచే పడతాయి. ఆగిన ప్రతి నెలా మరో 250. సంక్రాంతి దాటితే వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు కొత్త మిర్చి దిగుతుంది, రంగు తగ్గిన పాత సరుకును అడిగేవాళ్లుండరు. "కొన్న ధర వస్తే అమ్ముతా" అంటున్నారు. మీరు ఎంతకు కొన్నారో మార్కెట్‌కు పట్టదు. అది గుర్తుంచుకున్నది మీరు, బహుశా మీ సడ్డకుడు. ఈ వారం సగం అమ్మండి. మిగతా సగానికి తేదీ రాసుకోండి, ధర రాసుకోవద్దు.

ఆప్షన్స్‌తో రాబట్టడం మాట మరిచిపోండి. షేర్ మార్కెట్‌ను అదుపుచేసే సెబీ 2024 సెప్టెంబరులో చెప్పిన లెక్క ప్రకారం మూడేళ్లలో ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్) ఆడిన వ్యక్తుల్లో 93 శాతం నష్టపోయారు. బ్రోకర్‌కు చెప్పి ఆ సెగ్మెంటే మూయించండి, యాప్ తీసేస్తే రేపు మళ్లీ ఎక్కించుకుంటారు. నష్టం కాగితాలు మాత్రం చింపొద్దు. గడువులోపు ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్ను వేస్తే, వ్యాపార నష్టం కిందికొచ్చే దీన్ని 8 ఏళ్ల దాకా వచ్చే వ్యాపార లాభాల్లో తగ్గించుకోవచ్చు. సిగ్గుపడి దాచేవాళ్లకు ఆ వెసులుబాటూ పోతుంది.

పత్తాలాటా? ఎన్ని ఆటలు ఆడతారో కూర్చోకముందే చెప్పండి. ఓడితే పాయింట్లు మీరే లెక్కపెట్టి, మీరే కలిపి పంచండి. పని దొరికిన చేతులు విసరవు.

మిర్చి సొమ్ము వచ్చాక, మిత్తి ప్రకారమైతే ముందు రెండు రూపాయల అప్పు తీర్చాలి. నేను ముందు గొలుసు విడిపించమంటాను. ఆమె ఒంటిమీది బంగారం అడగకుండా తీసినవారికి మిత్తి లెక్కలు మాట్లాడే హక్కు లేదు. విడిపించి, రశీదుతో సహా ఆమె చేతిలో పెట్టండి. సడ్డకుడికి తెలిసిపోతుందంటారా? అక్కాచెల్లెళ్లు మాట్లాడుకోరా, తెలుస్తుంది. సంక్రాంతికి మాత్రం వెళ్లండి. ఆయన ఎదురుగానే కూర్చొని కడుపునిండా తినండి.