మానేసిన తేదీ

చిరంజీవి అబ్బాయికి కొండపి నుంచి పెదనాన్న ఆశీస్సులు.

ఉగాది వెళ్లగానే మీరిద్దరూ చెన్నైలో ఐవీఎఫ్, అదే ఒంటి బయట పిండం తయారుచేసి గర్భంలో పెట్టే చికిత్స, చేయించుకోవాలనుకుంటున్నారని మీ అమ్మ నిన్న ఫోనులో చెప్పింది. మా కాలంలో తలుపులు వేసుకుని మాట్లాడుకున్న సంగతిని మీరు ఇంట్లో అందరికీ చెప్పగలిగినందుకు నాకు గర్వంగానే అనిపించింది. ఆ వెంటనే, సంక్రాంతికి వచ్చినప్పుడు నువ్వు గడ్డివామి వెనుక ఫోను చెవిన పెట్టుకుని సిగరెట్టు కాల్చడం, లోపలికి వచ్చే ముందు గుప్పెడు సోంపు నోట్లో వేసుకోవడం గుర్తొచ్చి నిద్ర పట్టలేదు. ఆ సోంపు ఉపాయం ఈ ఇంట్లో మొదట కనిపెట్టినవాణ్ని నేనే.

తెలిసిన విషయాలు ముందుగా చెప్పేస్తాను. మద్యం మానెయ్యి, కాఫీ రెండు కప్పులు దాటనివ్వకండి. కోడలికి డాక్టరు ఫోలిక్ యాసిడ్ రోజుకు 400 మైక్రోగ్రాములు రాసే ఉంటారు కనుక అది ఇప్పటి నుంచే వేసుకోమను. పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య ఉండి నెలసరి తప్పుతున్న అమ్మాయిలకు, ఒళ్లు ఎక్కువగా ఉంటే, బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా అండం విడుదల గాడిలో పడే అవకాశం ఉంటుంది.

ఇక నా సంగతి చెబుతాను. 1997లో, పెళ్లయిన తొమ్మిదేళ్లకు, మీ పెద్దమ్మనూ నన్నూ మద్రాసులో ఒక డాక్టరమ్మ పరీక్షించి, వీర్యకణం తయారు కావడానికి 70 రోజులకు పైగా పడుతుందనీ, అందువల్ల చికిత్సకు మూడు నెలల ముందే సిగరెట్టు పూర్తిగా మానేయాలనీ చెప్పింది. వృషణాలు ఒంటి వేడి కంటే రెండు నుంచి నాలుగు సెల్సియస్ డిగ్రీలు చల్లగా ఉంటేనే సరిగా పనిచేస్తాయనీ, పొయ్యి సెగ దగ్గర కూర్చోవద్దనీ కూడా చెప్పింది. నేను తల ఊపి వచ్చాను. జనవరిలో పచ్చి పొగాకును వేడితో ఆరబెట్టే బ్యారన్ గదిని కాల్చడం మొదలైంది. ఒక్కో లోడుకు ఐదారు రోజులు పట్టేది. లోపలి వేడిని 95 ఫారన్‌హీటు దగ్గర మొదలుపెట్టి మెల్లమెల్లగా 160 దాకా తీసుకుపోవాలి, మధ్యలో కునుకు పడితే ఆకు రంగు చెడిపోతుంది. రాత్రంతా పొయ్యి మూతి దగ్గర కూర్చుని కట్టెలు ఎగదోస్తూ, గంటకోసారి లేచి చిన్న అద్దంలోంచి టార్చి వేసి థర్మామీటరు చూసేవాణ్ని. చూసినప్పుడల్లా ఒక సిగరెట్టు. మద్రాసు ప్రయాణం ఇంకా పదిహేను రోజులుందనగా మానేశాను.

మానేసి ఎన్నాళ్లయిందని డాక్టరమ్మ అడిగితే మూడు నెలలు దాటిందన్నాను. మీ పెద్దమ్మ ఏమీ అనకుండా గోడ మీద క్యాలెండరు వైపు చూస్తూ కూర్చుంది. ఏడు అండాలు తీశారు, రెండే ఫలదీకరణ చెందాయి, ఆ రెండు పిండాలనూ పెట్టారు, నిలవలేదు. నా సిగరెట్ల వల్లే పోయాయని ఏ డాక్టరూ చెప్పలేదు, అన్నీ సరిగ్గా పాటించినవాళ్లకూ పోయిన సందర్భాలున్నాయి. అయినా ఆ క్యాలెండరును నేను మరిచిపోలేదు.

అంతకంటే పెద్ద తప్పు తర్వాత చేశాను. వీర్యకణాల కౌంటూ చలనమూ తక్కువని రాసి ఉన్న నా రిపోర్టును పొగాకు వేలం బిల్లుల కట్టలో దాచాను. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందికి మగవాడి వైపు కూడా కారణం ఉంటుందన్న సంగతి ఊరికి తెలియదు, తెలిసిన నేను చెప్పలేదు. మీ పెద్దమ్మను సీమంతాలకు పిలవడం మానేస్తే అరుగు మీద పేపరు చదువుకుంటూ ఊరుకున్నాను. నాలుగేళ్ల తర్వాత బ్యాంకు కాగితాల కోసం వెతుకుతూ ఆమె ఆ రిపోర్టు చూసి, చదివి, అదే మడతలో మళ్లీ అక్కడే పెట్టింది. ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ, “డాక్టరమ్మకైనా నిజం చెప్పి ఉండాల్సింది” అన్నది, అంతే.

అందుకే నిన్ను ఇంతగా కోప్పడుతున్నాను నాయనా. ఇంట్లో నువ్వు కాల్చే పొగ కోడలి ఊపిరిలోకి కూడా పోతుందని, అది ఆమె అండాలకూ మంచిది కాదని గుర్తుపెట్టుకో. లాప్‌టాప్ ఒడిలో పెట్టుకుని పనిచేయకు. జిమ్‌లో కండల కోసం ఇచ్చే టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ మగతనానికి మంచిదనుకుంటారు గానీ, అది వీర్యకణాల తయారీని దాదాపు ఆపేస్తుంది. ఎప్పుడైనా తీసుకుని ఉంటే సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పు. మీ అమ్మ ఎవరి దగ్గరో తెప్పిస్తానంటున్న పసరు మందు డాక్టరును అడగకుండా తాగవద్దు.

పిండం పెట్టాక మీ పెద్దమ్మను పద్నాలుగు రోజులు మంచం దిగనివ్వలేదు మేము. అలా పడుకోబెట్టడం వల్ల ఫలితమేమీ పెరగదని ఇప్పుడు డాక్టర్లే చెబుతున్నారు కాబట్టి అమ్మాయిని మామూలుగా తిరగనివ్వు, గర్భం నిలవడానికి ఇచ్చే ప్రొజెస్టిరాన్ మందు మాత్రం ఒక్కపూట కూడా తప్పనివ్వకు. “నువ్వు దిగులుపడ్డావు కాబట్టే నిలవలేదు” అని ఆడవాళ్లెవరైనా అంటే అక్కడే అడ్డుపడు. దిగులుకు గర్భాన్ని పోగొట్టేంత బలం లేదు, ఆ మాట మాత్రం మనిషిని కుంగదీస్తుంది.

ఉగాదికి రెండు నెలలే ఉంది కనుక చికిత్సను ఇంకో నెల జరపవచ్చునేమో డాక్టరును అడుగు. కోడలికి 34 నిండుతున్నాయి, అంతకు మించి ఆలస్యం వద్దు. ఆఖరి సిగరెట్టు కాల్చిన తేదీని నాకు ఫోనులో చెప్పనక్కరలేదు. ఒక కాగితం మీద రాసి కోడలి చేతికివ్వు, డాక్టరు అడిగినప్పుడు ఆ అమ్మాయినే చెప్పమను.

మీ పెద్దమ్మ ఈ ఉత్తరం చదివింది. బ్యారన్ సంగతి రాయమన్నదీ, రిపోర్టు సంగతి దాచవద్దన్నదీ తనే.

ఆశీస్సులతో,
పెదనాన్న