తగ్గిన బరువు మళ్లీ వస్తోంది.. తప్పు నాదేనా?

ప్రశ్న: నా వయసు 39. మాది సోంపేట దగ్గర పల్లె. ఎత్తు 153 సెంటీమీటర్లు. కిందటేడు రాత్రి భోజనం మానేసి 71 కిలోల నుంచి 62కి వచ్చాను. ఇప్పుడు మళ్లీ 68. ముందుకన్నా ఆకలి ఎక్కువైంది. నోరు కట్టుకోలేకపోయావని ఇంట్లో అంటున్నారు. ఆకలి తగ్గించే ఇంజెక్షన్ వేయించుకోవచ్చా?

జవాబు: ఇందులో మీ తప్పు లేదమ్మా. ఈ జవాబు మీ ఇంట్లోవాళ్లకూ చదివి వినిపించండి.

కడుపు ఖాళీ అయితే అక్కడి నుంచి గ్రెలిన్ అనే హార్మోన్ రక్తంలో కలిసి మెదడులో ఆకలి పుట్టిస్తుంది. 1999లో జపాన్ శాస్త్రవేత్తలు దీన్ని కనుక్కున్నారు. తిన్నది పేగుల్లోకి దిగాక సీసీకే, జీఎల్‌పీ-1, పీవైవై అనే హార్మోన్లు ‘ఇక చాలు’ అని కబురు పంపుతాయి. బరువు బాగా తగ్గితే శరీరం కరువొచ్చిందనుకుంటుంది. గ్రెలిన్ పెరుగుతుంది, పీవైవై తగ్గుతుంది, కొవ్వు నుంచి వచ్చి ఆకలిని అణిచే లెప్టిన్ కూడా పడిపోతుంది. ఆస్ట్రేలియాలో తిండి బాగా తగ్గించి సన్నబడినవాళ్లను పరీక్షిస్తే, ఏడాది తర్వాత కూడా ఈ తేడా పోలేదు. మీకు ఎక్కువైన ఆకలి ఇదే అయి ఉండొచ్చు. అయినా థైరాయిడ్, షుగర్ పరీక్షలు ఓసారి చేయించండి.

రాత్రి భోజనం మానకండి, తగ్గించి తినండి. కూర విడిగా తినే అలవాటు మనకు తక్కువే. అయినా ముందు కూర, పప్పు లేదా చేప ముక్క తిని, అన్నం చివర్లో కొంచెం పెట్టుకోండి. ఇలా తింటే జీఎల్‌పీ-1 బాగా విడుదలవుతుంది. గబగబా తినేస్తే చాలన్న కబురు అందేలోపే పళ్లెం ఖాళీ అవుతుంది, ఇరవై నిమిషాలైనా కూర్చోండి. నిద్ర చాలకపోయినా గ్రెలిన్ పెరుగుతుంది.

ఇక ఇంజెక్షన్. పేగుల్లోని జీఎల్‌పీ-1 నిమిషాల్లోనే కరిగిపోతుంది. ఇంజెక్షన్‌గా ఇచ్చే సెమాగ్లుటైడ్ అనే మందు దానిలాగే పనిచేస్తూ వారమంతా నిలుస్తుంది. బరువు బాగానే తగ్గుతుంది, కానీ ఆపేస్తే చాలామందికి తిరిగి వస్తుంది. మీ బీఎంఐ, అంటే ఎత్తును బట్టి బరువు లెక్క, దాదాపు 29. మన దేశంలో 25 దాటితే ఊబకాయం కిందే లెక్క. కాబట్టి మందు గురించి అడగడం సబబే. వెంటనే మాత్రం వద్దంటాను. మీ సోంపేట ఉన్న ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఎక్కువన్న సంగతి మీకు తెలిసిందే. ఈ మందుతో వాంతులు, విరేచనాలై ఒంట్లో నీరు తగ్గితే కిడ్నీలు దెబ్బతినవచ్చు. ముందు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్ పరీక్షలు చేయించండి. అవి తేలేదాకా ప్రొటీన్ పొడుల జోలికి కూడా వెళ్లకండి. గతంలో పాంక్రియాస్ వాపు వచ్చినా, మీకు గానీ ఇంట్లో ఎవరికైనా గానీ మెడల్లరీ రకం థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నా, గర్భం ఆలోచన ఉన్నా డాక్టర్‌కు తప్పక చెప్పండి. మందుల షాపులో అడిగి సొంతంగా వేసుకోవద్దు. రిపోర్టులతో ఫిజీషియన్‌ను గానీ ఎండోక్రైనాలజిస్టును గానీ కలవండి.