ఆ కవరు పారేయకండి

మొన్న సంక్రాంతికి రాజోలు వెళ్ళినప్పుడు, ఉద్యోగానికి నెదర్లాండ్స్ బయలుదేరుతున్న మా పిన్ని కొడుకు అడిగాడు: "అన్నయ్యా, అక్కడ మనకు ఓటు ఉంటుందా?" ఉంటుందన్నాను. "దేనికి?" నీటి సంఘానికి అనగానే పగలబడి నవ్వాడు. కత్తిపీట ముందు కూర్చున్న పిన్ని కూడా నవ్వింది.

నేను చేసిన ఘనకార్యం ముందు ఆ నవ్వు ఎంత! 2015 జనవరిలో అక్కడ దిగాను. కొన్ని వారాలకు వచ్చిన ఒక కవరును సూపర్‌మార్కెట్ ప్రకటన అనుకుని పాత కాగితాల డబ్బాలో వేశాను. అది ఓటు చీటీ. అక్కడ ఓటు కోసం దరఖాస్తు చేయనక్కరలేదు. మునిసిపాలిటీలో చిరునామా నమోదై ఉంటే పోలింగుకు కనీసం రెండు వారాల ముందు చీటీ ఇంటికే వస్తుంది. డచ్చిలో ఉంది కదా అని ఏ కవరూ పారేయకండి.

పార్లమెంటుకు డచ్చి పౌరులే ఓటు వేయాలి. మునిసిపాలిటీకైతే మనవంటి వారు ఐదేళ్ళు ఏకధాటిగా చట్టబద్ధంగా నివసించి ఉండాలి. గట్లు, కాలువలు చూసుకునే ఆ నీటి సంఘానికి, అంటే నీటి బోర్డుకు, ఆ గడువు లేదు. నివాస అనుమతి ఉండి 18 ఏళ్ళు నిండితే చాలు. బోర్డు ఎన్నిక నాలుగేళ్ళకోసారి జరుగుతుంది, తర్వాతిది 2027 మార్చిలో.

దేశంలో దాదాపు నాలుగో వంతు సముద్రమట్టానికి దిగువనే ఉంది. గట్టు తెగితే పొలమున్నవాడు, అద్దెకున్నవాడు అని నీరు తేడా చూడదు కనుక ఓటు అందరికీ. బోర్డులు 21 ఉన్నాయి. డెల్ఫ్ట్ వైపు బోర్డు 1289 నాటిది, అంటే మన ధవళేశ్వరం ఆనకట్టకు ఐదు వందల ఏళ్ళకు పైగా పెద్ద.

ఒకసారి బోర్డు సమావేశానికి వెళ్ళి వెనక కూర్చున్నాను. కాలువ మట్టం కొన్ని సెంటీమీటర్లు తగ్గించాలా వద్దా అన్నదే చర్చ. ట్రాక్టరు దిగబడకుండా ఉండాలంటే తగ్గించాలని పాడి రైతులు. తగ్గిస్తే తమ ఇళ్ళ కింద ఉన్న చెక్క గుంజలకు గాలి తగిలి కుళ్ళిపోతాయని పాత ఇళ్ళవారు. మన దగ్గర దాళ్వాలో, అంటే రబీ వరికి, ఎగువ రైతుకూ శివారు రైతుకూ వంతు నీళ్ళ మీద జరిగే తగవే. తేడా ఒకటే: అక్కడ ఎవరూ ఎమ్మెల్యే ఇంటికి పరుగెత్తలేదు. ఆ గదిలోనే చేతులెత్తి తేల్చుకున్నారు.

వాళ్ళేదో గొప్పవాళ్ళు, మనం కాదు అని నేననను. మనకూ 1997లో చట్టం వచ్చింది, ఎన్నికైన నీటి సంఘాలు వచ్చాయి. మా మామయ్య ఒక సంఘానికి అధ్యక్షుడిగా చేశాడు. డ్రెయినులో గుర్రపు డెక్క తీయించడానికి నిధులు అడుగుతూ ఆయన తిరిగిన తిరుగుడు నాకు తెలుసు. రైతు కట్టే నీటి తీరువా ప్రభుత్వానికి వెళ్ళి, అక్కడి నుంచి వాటా తిరిగి రావాలి. మురుగు దిగక సార్వా (ఖరీఫ్ వరి) మునుగుతుంటే, 2011లో కోనసీమ రైతులు పంట విరామమే ప్రకటించారు. కౌలు రైతు పేరు రికార్డులో లేకపోతే సంఘంలో అతనికి ఓటే ఉండదు. డచ్చి బోర్డు పన్ను తానే వేస్తుంది, తానే వసూలు చేస్తుంది. ఏటా ఆ బిల్లు చూసి నేను గొణుక్కుంటాను, కానీ ఎవరిని నిలదీయాలో నాకు తెలుసు.

పోలింగుకు చీటీతో పాటు నివాస కార్డు పట్టుకెళ్ళండి. యంత్రం ఉండదు, దుప్పటంత కాగితం, ఎర్ర పెన్సిలు ఇస్తారు. వేలికి సిరా పెట్టరు. ఆ రోజు ఊళ్ళో లేకపోతే చీటీ వెనక సంతకం చేసి, గుర్తింపు కార్డు నకలు జతపరచి మరో ఓటరుకు ఇవ్వవచ్చు. అతను తన ఓటుతో పాటే వేయాలి, అలా ఇద్దరివి మించకూడదు.

ఇది వినగానే మంచం మీద పడుకున్న మామయ్య లేచి కూర్చున్నాడు. "ఒకరి ఓటు ఇంకొకరు వేయవచ్చా? అదే మన ఊళ్ళో పెడితే, పోలింగు ముందు రోజు రాత్రికి చీటీలన్నీ ఒకే ఇంట్లో ఉంటాయిరా!"