నాచు కనిపించాలమ్మా

చిరంజీవికి ఆశీస్సులు.

సముద్రపు నాచును నీలి అచ్చులుగా తీసి పుస్తకం చేసిన ఇంగ్లండు వృక్షశాస్త్రవేత్త అన్నా అట్కిన్స్ మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మంచి విషయం పట్టుకున్నావు. కానీ నాలుగు పేజీలు చదివినా నాచు నా కళ్లకు కట్టలేదు.

ఆవిడ చేతులు కనిపించేలా రాయి. రెండు ఇనుప లవణాలను నీళ్లలో కలిపి కాగితానికి పూసి, చీకట్లో ఆరబెట్టాలి. దాని మీద సముద్రపు నాచు పరిచి, పైన గాజుపలక పెట్టి ఎండలో ఉంచాలి. తర్వాత మామూలు నీళ్లతో కడిగితే చాలు, ఎండ తగిలిన చోటల్లా ముదురు నీలం, నాచు ఉన్నచోట తెలుపు. కెమెరాతో పనే లేదు. 1842లో శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ కనిపెట్టిన సయనోటైప్ ఇది. తర్వాతి కాలంలో ఇంజనీర్ల బ్లూప్రింట్ వచ్చింది దీన్నుంచే.

పోయిన వేసవిలో మా డాబా మీద మునగ రెమ్మతో నేనూ చేసి చూశాను. కడుగుతుంటే పచ్చటి నీళ్లు కారిపోయి, ఈనెలు ఒక్కొక్కటే తేలాయి. గాజు సరిగ్గా అదమలేదేమో, ఒక ఆకు అంచు అలుక్కుపోయింది. ఆవిడ 1843 నుంచి 1853 దాకా పదేళ్లు ఈ పని చేసింది. ఆవిడ పుస్తకంలో దాదాపు 400 పలకలు, అంటే నాచు అచ్చుల పేజీలు. ప్రతి కాపీలో ప్రతి పేజీనీ విడిగా ఎండలో పెట్టాల్సిందే. ఆ అలుక్కుపోయిన అంచు చూశాకే ఆవిడ ఓపిక నాకు తెలిసొచ్చింది.

"ఇది సైన్సా, కళా" అన్న చర్చకు ఒక పేజీ ఇచ్చావు, అది తీసెయ్. దాని బదులు ఇది చెప్పు: అట్కిన్స్‌కు బొమ్మలు వేయడం బాగా వచ్చు. తండ్రి అనువదించిన పుస్తకం కోసం గవ్వలు, శంఖాల బొమ్మలు 250కి పైగా గీసింది. అంత చెయ్యి తిరిగిన మనిషి, ఇంత సన్నని నాచును ఉన్నదున్నట్టు గీయడం కష్టమని ముందుమాటలో ఒప్పుకుని పెన్సిల్ పక్కన పెట్టింది. వృక్షశాస్త్రవేత్త విలియం హార్వే 1841లో తెచ్చిన బ్రిటిష్ నాచుల పుస్తకంలో బొమ్మల్లేవు, ఆ లోటు తీర్చాలన్నది ఆవిడ తాపత్రయం. అయినా తన పుస్తకం పేరును నాచు పోగులతో పేర్చినట్టుండే అక్షరాల్లో అచ్చు వేసుకుంది! శాస్త్రానికి ఆ అవసరమేమీ లేదు. నీ వ్యాసం అక్కడ కాసేపు ఆగాలి.

హెర్షెల్ దగ్గరున్న కాపీ ఇప్పుడు న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో ఉంది, ఆన్‌లైన్‌లో చూడొచ్చు. ఒక్క పలక తెరిచి అరగంట చూడు. తర్వాత మొదటి పేరా మళ్లీ రాసి పంపు, ఎదురుచూస్తుంటాను.