సీలింగులో రెండే వైర్లున్నప్పుడు లోహపు లైటుకు ఎర్తింగు ఎలా?

పాత ఇంట్లో సీలింగు నుంచి రెండు వైర్లే (కరెంటును తెచ్చే ఫేజు, తిరిగి తీసుకెళ్లే న్యూట్రల్) వస్తున్నాయనీ, కొత్త ఇత్తడి వేలాడే లైటుకు మాత్రం పచ్చ, పసుపు చారల ఎర్త్ వైరు ఒకటి అదనంగా ఉందనీ, దానిని న్యూట్రల్‌కు కలపాలా, టేపు చుట్టి వదిలేయాలా అనీ మీరు అడిగారు. ఆ రెండింటిలో ఏదీ చేయకూడదు.

న్యూట్రల్‌కు కలిపినా లైటు మామూలుగానే వెలుగుతుంది. మోసమంతా అక్కడే ఉంది. వెనుక ఎక్కడైనా న్యూట్రల్ తెగినా, జాయింటు వదులైనా, ఫేజు కరెంటు బల్బు గుండా వచ్చి, మీరు కలిపిన ఆ ముక్క మీదుగా లైటు బాడీకి చేరుతుంది. లైటు ఆరిపోయింది కనుక బల్బు పోయిందనుకుని మనం దాని మీద చేయి వేసేది కూడా సరిగ్గా అప్పుడే. టేపు చుట్టి వదిలేస్తే, లోపల ఇన్సులేషను పాడై ఫేజు వైరు లోహానికి తగిలినా ఎంసీబీకి (కరెంటు మితిమీరితే తనంతట తానే పడిపోయే స్విచ్చికి) ఆ సంగతి తెలియదు, ఎందుకంటే కరెంటు పారడానికి దారి లేదు; ఆ దారి, ముట్టుకున్న మనిషి అవుతాడు.

నేను చేసిన పొరపాటు వేరు. మా ఇంటి సీలింగులో పచ్చ వైరు కనిపించింది, రంగును నమ్మి లైటు బాడీని దానికి బిగించి నిశ్చింతగా ఉన్నాను. కొన్ని నెలల తరువాత, స్విచ్చి ఆపి ఉన్న లైటును తుడుస్తుండగా చేయి చిమచిమలాడింది. పొడి చెక్క బల్ల మీద నిలబడి ఉండబట్టి అంతటితో పోయింది. టెస్టరు పెడితే వెలిగింది. మెయిన్ ఆపించి ఎలక్ట్రీషియన్‌తో వెతికిస్తే, ఆ పచ్చ వైరు జంక్షన్ బాక్సు దాకా వచ్చి, అక్కడ చుట్ట చుట్టుకుని ఆగిపోయిందని తేలింది. అది నాలుగు లైట్ల బాడీలను ఒకదానికొకటి కలిపిందే కాని, ఎర్త్‌కు చేర్చలేదు. పక్క గదిలో వెలుగుతున్న పాత లైటు హోల్డరు దగ్గర వేడికి పెళుసెక్కిన ఇన్సులేషను రాలిపోయి ఫేజు లోహానికి తగులుతోంది. ఆ కరెంటు పచ్చ వైరు వెంట నడిచి, ఆపి ఉన్న లైటుకూ వచ్చింది. ఎక్కడికీ చేరని ఎర్త్ వైరు, అసలు వైరు లేకపోవడం కన్నా అన్యాయం.

కాబట్టి మీ ఇంట్లో చేయవలసింది, డిస్ట్రిబ్యూషన్ బోర్డులోని ఎర్త్ బార్ (ఇంటి ఎర్త్ వైర్లన్నీ కలిసే లోహపు పట్టీ) నుంచి ఆ లైటు దాకా తెగకుండా రాగి ఎర్త్ వైరు లాగించడం. గోడలోని పైపులో చోటుంటే ఇది పెద్ద పనేమీ కాదు. దగ్గరలోని నీటి గొట్టానికి కట్టేయడం, పెరట్లో ఒక కడ్డీ పాతి ఈ ఒక్క లైటును దానికి కలపడం వంటి దగ్గరిదారులు వద్దు. విడి కడ్డీకి 20 ఓముల నిరోధం ఉందనుకుంటే, 230 వోల్టుల సరఫరాలో పారేది 11.5 ఆంపియర్లే, బి రకం 6 ఆంపియర్ల ఎంసీబీ తక్షణం పడిపోవాలంటే 18 నుంచి 30 ఆంపియర్ల దాకా కావాలి. అది పడిపోయేదాకా బాడీలో కరెంటు ఉన్నట్టే.

30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (వెళ్లిన కరెంటు తిరిగి రాకుండా పక్కకు కారితే సరఫరా ఆపేసే స్విచ్చి) పెట్టించుకోవడం మంచిదే, కానీ ఎర్త్ లేనప్పుడు అది మనిషి గుండా కరెంటు పారిన తరువాతే పనిచేస్తుంది. అంటే షాక్ తగలక తప్పదు, ప్రాణం దక్కే అవకాశం పెరుగుతుంది. దానిని ఎర్తింగుకు బదులుగా లెక్కించకండి.

బిగించేటప్పుడు, స్క్రూ కింద రంగు పూత ఉంటే గీకి లోహం కనిపించేలా చేయించండి. లైటు వేలాడే గొలుసును ఎర్త్‌గా నమ్మకూడదు. వైరు గొలుసు వెంట కింది దాకా రావాలి. ఎర్త్ వైరును మిగతా రెండింటికన్నా కాస్త పొడుగ్గా ఉంచితే, లైటు జారి వైర్లు లాగుకుపోయినా అది చివరగా తెగుతుంది. స్విచ్చి ఫేజులోనే ఉందో లేదో కూడా అప్పుడే చూపించుకోండి. న్యూట్రల్‌లో ఉంటే, ఆపిన లైటులోనూ ఫేజు నిలిచే ఉంటుంది.

వైరు లాగడం ఏ విధంగానూ కుదరకపోతే ఆ ఇత్తడి లైటును వదులుకుని, చతురస్రంలో చతురస్రం గుర్తు ఉన్న రెట్టింపు ఇన్సులేషను లైటు తీసుకోండి. దానికి ఎర్త్ అవసరం లేదు.

కొత్త వైరు లాగించిన తరువాత మెయిన్ ఆపి, లైటు బాడీకీ ఎర్త్ బార్‌కూ మధ్య మల్టీమీటరుతో కొలిపించాను. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుకు 20 మీటర్లకు సుమారు పావు ఓము ఉంటుంది. మీటరు వైర్ల నిరోధాన్ని తీసివేస్తే మాకూ దాదాపు అంతే వచ్చింది. మీకు ఒక ఓము దాటితే, పని పూర్తయిందని ఒప్పుకోకుండా మధ్యలోని జాయింట్లన్నీ విప్పించి చూడండి.